తొమ్మిది బొమ్మల్లోని వీపు

భార్య పోయిన అయిదేళ్ళకి, తన డెబ్భై తొమ్మిదో ఏట, ప్రవోతో మాస్టారికి ఆవిడ మీద అనుమానం పుట్టింది. పుట్టించింది సురబాయ పట్నం నుంచి వచ్చిన ఒక దర్జీ ఆవిడ.

అప్పటికి ఇల్లు మ్యూజియం అయి ఏడు నెలలయింది. బంతుల్ ఊరికి వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఆ ఇంట్లోనే ఆయన భార్య సువర్సి నలభై రెండేళ్ళు బొమ్మలు వేసింది. ఆవిడ పోయాక కళాసంఘం వాళ్ళు వచ్చి, "ఇల్లు మాకివ్వండి మాస్టారూ, ఆవిడ పేరు నిలబెడతాం. మీరున్నంత కాలం వెనక రెండు గదుల్లో ఉండండి" అన్నారు. పిల్లలు లేరు. ఆయన సరేనన్నాడు. ఎవరెవరి ఇళ్ళల్లోనో ఉన్న బొమ్మల్ని బతిమాలి తెచ్చి ముందు చావడి గోడల నిండా తగిలించారు. పడగ్గదిలో ఆవిడ మంచం, వసారాలో ఆవిడ చెప్పులు, వంటింట్లో ఆవిడ రంగులు నూరుకున్న కల్వం, అన్నిటి పక్కనా చిన్న చిన్న చీటీలు. ఆ ఇంట్లో చీటీ లేకుండా తిరిగేది మాస్టారొక్కడే.

ఆయన ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో భూగోళం చెప్పాడు. మాట్లాడే అలవాటు పోదు కదా. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని చావడిలోకొచ్చి, వచ్చినవాళ్ళకి ఫలానా బొమ్మ ఫలానా సంవత్సరంలో వేసింది, ఆ కొండ ఎత్తు ఇంత, ఆ ఏరు ఫలానా చోట పుట్టింది అని చెబుతుండేవాడు. మ్యూజియం చూసుకునే వెనింగ్ అనే అమ్మాయి కూడా, "మాస్టారు లేకపోతే చావడికి కళ లేదు" అంటూ ఉండేది. ఆయనకది బాగుండేది.

ఆ రోజు ఆ దర్జీ ఆవిడ మెడలో టేపు లేదన్న మాటే గాని, చూపంతా టేపే. ఎత్తుల గురించీ ఏరుల గురించీ ఆయన చెప్పేది వినడం మానేసి, ఒక బొమ్మ ముందు నుంచి ఇంకో బొమ్మ ముందుకి, మళ్ళీ వెనక్కీ తిరిగింది.

"తాతగారూ, ఇతనెవరు?" అంది.

"ఎవరమ్మా?"

"ఈ మనిషి. సముద్రం ముందు నిలబడ్డాడు చూడండి. ఇక్కడ మెట్ల మీద. అదిగో, వానలో. అన్నిట్లోనూ వీపే కనబడుతోంది."

"అదా, ఎవరో దారిన పోయేవాళ్ళు. బొమ్మలో మనిషుంటే కొండ ఎంత పెద్దదో తెలుస్తుందని పెడతారు."

"దారిన పోయేవాళ్ళు తొమ్మిదిమందీ ఒక్కలా ఉంటారా?" అని నవ్విందావిడ. "నేను ముప్ఫై ఏళ్ళుగా చొక్కాలు కుడుతున్నానండీ. ఈ మనిషికి చొక్కా కుట్టాలంటే ఎడమ భుజం దగ్గర రెండు వేళ్ళు దించి కత్తిరించాలి. మెడ కింద చూడండి, ఇక్కడ చిన్న కాయ. తొమ్మిదింట్లోనూ ఉంది. ఒక్కడే ఇతను." ఆపైన మాస్టారిని వెనక నుంచి ఎగాదిగా చూసి, "మీరు మాత్రం కాదు. మీ భుజాలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి" అని, పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

మాస్టారు అక్కడే నిలబడిపోయాడు. సువర్సి బతికుండగా ఆ బొమ్మలు ఒక్కచోట ఎప్పుడూ లేవు. ఒకటి పూర్తవగానే ఎవరో కొనుక్కుపోయేవారు, లేదంటే గోడకి ముఖం తిప్పి షెడ్డులో పడుండేవి. ఇప్పుడు తొమ్మిదీ వరసగా ఉన్నాయి. లెక్క పెట్టాడు. భుజం చూశాడు. కాయ చూశాడు. ఆ వీపు మీద చారల చొక్కా ముడతలు ఎంత ఓపిగ్గా వేసిందో చూశాడు. వానలో తడిసి ఒంటికి అంటుకున్న గుడ్డ కింద నడుం గాడి కూడా వదల్లేదావిడ. 

చీటీల మీద సంవత్సరాలున్నాయి. మొదటిది పంతొమ్మిదివందల డెబ్భై తొమ్మిది, ఆఖరుది రెండువేల ఒకటి. ఇరవై రెండేళ్ళు ఒక మగవాడి వీపు!

మూడు రోజులు ఆయనకి అన్నం సయించలేదు. నాలుగో రోజు గోడ మీది పాత దేశపటం దింపి, బొమ్మలు వేసిన ఊళ్ళన్నిటికీ పెన్సిల్‌తో చుక్కలు పెట్టాడు. క్రేతెక్, ఇమోగిరి, పరాంగ్‌త్రితిస్, పుండోంగ్. అన్నీ దక్షిణాన, ఒకే దారి మీద. తరవాత వెనింగ్ దగ్గరికెళ్ళి, బొమ్మల వెనక వైపు చూడాలన్నాడు.

"వెనక ఏముంటుంది మాస్టారూ?"

"తేమ ఏమైనా పట్టిందేమోనని."

ఆ పిల్ల జాగ్రత్తగా ఒక్కొక్కటీ దింపి తిప్పి చూపించింది. తేమ లేదు. ప్రతి బొమ్మ వెనకా మూల మీద సువర్సి చేతిరాతతో ఒక్క మాట ఉంది. పోన్.

అయిదు రోజులకోసారి వచ్చే పోన్ సంత రోజు. ఆయనకి గుర్తొచ్చింది. ప్రతి పోన్ నాడూ ఆవిడ తెల్లవారగానే లేచి అరిటాకులో అన్నం కట్టుకుని, రంగుల పెట్టె భుజాన వేసుకుని వెళ్ళేది. రెండు పొట్లాలు కట్టుకునేది. ఒకటి మధ్యాహ్నానికి, ఒకటి సాయంత్రానికి అనుకున్నాడు తను. అడగలేదు. బడికి టైమవుతోందని ఎదురింటి సమినెం దగ్గర గుడెగ్ అనే పనసకాయ కూరతో అన్నం తిని పరిగెత్తేవాడు.

సమినెం ఇప్పటికీ అదే చోట, అదే పీట మీద కూచుని గుడెగ్ అమ్ముతోంది. మాస్టారు వెళ్ళి కూచుని, ఆకులో కూర కెలుకుతూ, మాట ఎలా ఎత్తాలో తెలియక, "సమినెం, పోన్ రోజున మా ఆవిడ దేని మీద వెళ్ళేదో నీకేమైనా గుర్తుందా?" అన్నాడు.

సమినెం గరిటె ఆపింది. "ఇన్నాళ్ళకి అడిగారా! ఊళ్ళో కుక్కలక్కూడా తెలుసు మాస్టారూ, ఒక్క మీకే తెలియదు. జట్కాలో వెళ్ళేది. పుండోంగ్ నుంచి సంతకి కుండలు తెచ్చి దింపేసి ఖాళీగా వెళ్ళే జట్కా. వాగిమిన్‌ది."

"ఎవడా వాగిమిన్?"

"ఎవడా అంటే మనిషే. మాట మెత్తన. గుర్రం కంటే వాడే నెమ్మది." ఆయన ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఏమైందీ? పోయినావిడ మీద ఇప్పుడు లేని పోనివి తవ్వకండి. ఆకులో కూర చల్లారిపోతోంది, తినండి."

ఆయన తినలేదు. పక్క రోజే బస్సెక్కాడు. దారి పొడుగునా ముందు సీట్లలోవాళ్ళ వీపులు చూస్తూ కూచున్నాడు. ఒక్కొక్కడి వీపూ చూస్తుంటే, ఇందులో ఏముంది, ఏముందని ఇరవై రెండేళ్ళు చూసింది అని ఒళ్ళు మండిపోయింది.

పుండోంగ్‌లో వాగిమిన్ ఇల్లు ఎవరిని అడిగినా చెప్పారు. పెంకుటిల్లు, ముందు వేరుశనగ మడి, పక్కన పాకలో చక్రాలు విరిగిన జట్కా. దానిలో కోళ్ళు కాపురం పెట్టాయి. మడిలో ఒక ముసలాయన అటు తిరిగి గొంతుక్కూచుని కలుపు తీస్తున్నాడు. పేరు పిలవక్కర్లేకపోయింది. ఎడమ భుజం రెండు వేళ్ళు కిందికి ఉంది.

"ఎవరు కావాలయ్యా?" అంటూ ఆయన లేచి ఇటు తిరిగాడు. మాస్టారు ఆ ముఖం అందంగా ఉంటుందేమోనని దారంతా భయపడ్డాడు. లేదు. పళ్ళు సగం లేవు, ఒక కంట్లో పొర. మాస్టారికి కాస్త ప్రాణం కుదుటపడేలోపే ఆ ముఖమంతా నవ్వయిపోయింది.

"మాస్టారు గదూ! అమ్మగారి మాస్టారు! రండి రండి. ఏయ్ జుమిరా, మాస్టారొచ్చారు, టీ పెట్టు. పంచదార వెయ్యకు, ఆయన పంచదార తాగరు!"

"నేను పంచదార తాగనని నీకెవరు చెప్పారు?"

"అమ్మగారే. ఇంకెవరు చెబుతారు?"

అరుగు మీద కూచున్నారు. జుమిరా అనే ఆ ఇల్లాలు టీ తెచ్చిపెట్టి, మాస్టారిని కింది నుంచి పై దాకా చూసి, ఏ పని మీద వచ్చారని అడిగింది. ఊరికే, చూసిపోదామని అన్నాడాయన. "అయిదేళ్ళకి గుర్తొచ్చామా?" అని ఆవిడ లోపలికి పోయింది.

వాగిమిన్ మాత్రం దాపరికం లేకుండా చెప్పుకుపోయాడు. బండి ఎక్కితే అమ్మగారు ఆగకుండా మాట్లాడేదట. మాస్టారికి హెడ్‌మాస్టరు పదవి రాకపోతే రెండు రోజులు మంచం దిగకపోవడం అతనికి తెలుసు. నిద్రలో రాజధానుల పేర్లు కలవరించడం తెలుసు. చిన్నప్పుడు చెల్లెలు ఏట్లో కొట్టుకుపోయిన దగ్గర నుంచి అమ్మగారికి నీళ్ళంటే భయమని, ఆ భయం పోగొట్టుకోవడానికే సముద్రం దగ్గరికి బండి కట్టించుకునేదని కూడా తెలుసు. చెల్లెలి సంగతి మాస్టారికి తెలియదు. నలభై రెండేళ్ళ కాపురంలో ఆయనకి చెప్పని మాట జట్కావాడికి చెప్పింది.

"ఇంకా ఏం చెప్పేది?" అని అడిగాడు మాస్టారు.

"నవ్వించేది మాస్టారూ. ప్రతి బొమ్మా పూర్తయ్యాక మీకు చూపిస్తే, మీరు మొదట అడిగే మాట ఒక్కటేనట. 'ఇందులో ఉత్తరం ఎటు?'" వాగిమిన్ పగలబడి నవ్వాడు. "పొట్ట చెక్కలయ్యేది మాకు! గుర్రాన్ని కూడా అడిగేది, 'ఏమోయ్, ఉత్తరం ఎటు?' అని."

మాస్టారు నవ్వలేదు. అడిగిన మాట నిజమే. ప్రతిసారీ అడిగాడు. అది తెలివైన ప్రశ్న అనుకున్నాడు.

"నన్నొక్కసారైనా వెయ్యలేదు," అన్నాడు చివరికి. "చావడిలో నూటనలభై బొమ్మలున్నాయి. చెప్పులు కుట్టేవాడున్నాడు, చేపలావిడ ఉంది. నేను లేను."

"కూచోమంటే పరీక్ష పేపర్లు దిద్దాలన్నారట కదా మాస్టారూ. మూడుసార్లు అడిగిందట. నాలుగోసారి అడగబుద్ధి కాలేదంది."

లోపల గిన్నెల చప్పుడవుతోంది. మాస్టారు ముందుకి వంగి, దాచుకోలేక, అడిగేశాడు. "నిజం చెప్పు వాగిమిన్. నీకూ ఆవిడకీ ఏమైనా..."

వాగిమిన్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. గుమ్మం వైపు చూసి, "నెమ్మదిగా అడగండి మాస్టారూ, మా ఆవిడ చెవులు గోడకే ఉంటాయి" అన్నాడు. కాసేపు చేతులకంటిన మట్టి రాల్చుకుంటూ కూచున్నాడు. "నేను ముందు కూచునేవాణ్ణి. ఆవిడ వెనక కూచునేది. బండి దిగాక కూడా అక్కడ నిలబడు, అటు చూడు అనేది. ఇరవై రెండేళ్ళూ అంతే. నేను వెనక్కి తిరిగిన రోజు లేదు."

"తిరగాలనిపించిందా?"

వాగిమిన్ కప్పులు తీసి పక్కన పెట్టి, "ఆ బొమ్మలు నేను చూడనే లేదు. నీ వీపు నువ్వు చూసుకుని ఏం చేస్తావని చూపించేది కాదు. మ్యూజియం పెట్టారటగా? ఒకసారి వచ్చి చూడనా మాస్టారూ?" అని అడిగాడు.

"చావడి మూసేశారు," అన్నాడు మాస్టారు వెంటనే. "కప్పు కారుతోంది. ఎప్పుడు తెరుస్తారో తెలీదు."

పుట్టి బుద్ధెరిగాక అంత పచ్చి అబద్ధం ఆయన ఆడలేదు. బస్సులో కూచున్నాక సిగ్గు వేసింది. కాని ఆ సిగ్గు కంటే, ఆ ముసలాడు తన చావడిలో నిలబడి, తన భార్య కళ్ళతో వాడి వీపు వాడు చూసుకుంటాడన్న ఊహే ఎక్కువ బాధపెట్టింది.

రెండో అబద్ధం ఆయన ఆడలేదు, దానంతటదే వచ్చింది. మగెలంగ్ నుంచి వచ్చిన కొత్త దంపతులు ఆ వీపు ఎవరిదని అడిగి, ఆయన తడబడుతుంటే, "మీదే కదూ!" అంది ఆ పిల్ల. ఆయన కాదనలేదు. "అయ్యో, ఎంత ప్రేమో చూడు!" అని మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. మాస్టారిని బొమ్మ పక్కన అటు తిరిగి నిలబడమని ఫోటో తీసుకుంది. ఆ సాయంత్రం ఆయన అద్దం ముందు నిలబడి ఎడమ భుజం వంచడం నేర్చుకున్నాడు. వారం తిరిగేసరికి అడగని వాళ్ళకి కూడా చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆ వానలో రెండు గంటలు నిలబెట్టింది నన్ను. మర్నాడు జ్వరం."

"సముద్రం దగ్గరా అంతే. కదిలితే ఊరుకునేది కాదు."

చెబుతుంటే ఆయనకే నిజమనిపించేది. కొన్నిసార్లు ఆ వాన చప్పుడు కూడా వినబడేది.

వెనింగ్ చెవిన పడింది. ఆ పిల్ల ఎగిరి గంతేసింది. "ఇంత మంచి సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదేం మాస్టారూ!" అని, ఇంతేసి అక్షరాలతో ఒక పలక రాయించి తొమ్మిది బొమ్మల మధ్యన పెట్టించింది. ఈ చిత్రాలన్నిటిలో ఉన్న మనిషి చిత్రకారిణి భర్త శ్రీ ప్రవోతో. ఒక పత్రికవాళ్ళు వచ్చి ఫోటో తీసుకుని, వేశారు.

సమినెం కూడా ఆ పత్రిక చూసింది. మాస్టారు గుడెగ్‌కి వచ్చినప్పుడు, ఆకు చేతికిస్తూ, "ఎప్పట్నించీ వంగిందో భుజం?" అని మాత్రం అంది.

"వయసు," అన్నాడు మాస్టారు.

"వయసు రెండు భుజాలకీ వస్తుంది లెండి."

ఆ పత్రిక కాగితం పుండోంగ్ సంతలో వేయించిన సోయాగింజల టెంపే ముక్కలు చుట్టడానికి పనికొచ్చింది. టెంపే కొన్నది జుమిరా. ఆవిడకి చదువు రాదు. ఫోటో చూడ్డానికి చదువెందుకు? నూనె మరకల మధ్య ఆ బొమ్మలోని వీపు చూసి, ఇంటికి పోయి, మొగుడి ముందు కాగితం పరిచింది. అతను కూడబలుక్కుని చదివి, "మాస్టారిదని రాసుందే" అన్నాడట. "రాసినదాంతో నాకు పనేంటి, పద చూద్దాం" అని మర్నాడే బస్సెక్కించింది.

మాస్టారు అప్పుడు చావడిలో ఆరేడుగురి మధ్య నిలబడి, వానలో రెండు గంటలు నిలబెట్టిన కథ చెబుతున్నాడు. గుమ్మంలో ఎండకడ్డంగా రెండు నీడలు పడితే తలెత్తి చూశాడు. 

వాగిమిన్ ఆయనకి దణ్ణం పెట్టాడు. కప్పు కారుతోందన్నారే అని అడగలేదు. బొమ్మల దగ్గరికి నడిచాడు. మొదటి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. అతని చెయ్యి మెల్లిగా వెనక్కి పోయి, మెడ కింద ఉన్న కాయని వెతుక్కుని తడిమి చూసుకుంది. రెండో దాని దగ్గరికి వెళ్ళాడు. మూడో దాని దగ్గరికి వెళ్ళాడు. ఆ ముఖం చూడలేక మాస్టారు చూపు తిప్పుకున్నాడు, మళ్ళీ చూడకుండా ఉండలేకపోయాడు. తనవైపు ఒక్కరంటే ఒక్కరు ఇంత శ్రద్ధగా చూశారని డెబ్భై ఏళ్ళు దాటాక తెలిసిన మనిషి ముఖమది. మాస్టారికా అదృష్టం పట్టలేదు. ఆ క్షణంలో మాస్టారికి అతన్ని పట్టుకుని బయటికి గెంటేయాలనిపించింది.

"ఇది నీ వీపు కాదూ?" జుమిరా గొంతు చావడి అంతా మోగింది. జనం తిరిగి చూశారు. "పోన్ సంత, పోన్ సంత అని పోయి నువ్వు చేసింది ఇదా? ఆవిడ ముందు చొక్కా తడుపుకుని నిలబడ్డావా?"

వాగిమిన్ పలక వైపు చూశాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకే చదివాడు. చదివి మాస్టారి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా మాస్టారికి కాస్త తేలికయ్యేది.

"అదుగో, రాసుంది కదే," అన్నాడు పెళ్ళాంతో. "మాస్టారిది. పెద్ద మ్యూజియం వాళ్ళు అబద్ధం రాస్తారా?"

జుమిరా మాస్టారి ఎదురుగా వచ్చి నిలబడింది. "మీదేనా అండీ?"

"నాదే," అన్నాడు మాస్టారు.

"ఏదీ, ఓసారి అటు తిరగండి."

ఆయన తిరిగాడు. అలవాటైన భుజం వంగనని మొరాయించింది. బలవంతాన వంచాడు. వెనక అందరూ తన వీపునే చూస్తున్నారు, వాగిమిన్ కూడా చూస్తున్నాడు. చెమట నడుం దాకా కారడం తెలుస్తోంది. బళ్ళో తను గోడ కుర్చీ వేయించిన పిల్లలక్కూడా అంతసేపు అనిపించి ఉండదు.

"సరే," అంది జుమిరా చివరికి. మొగుడి రెక్క పట్టుకుని బయటికి నడిచింది. గుమ్మం దాటేటప్పుడు వాగిమిన్ ఒక్కసారి ఆగి, బొమ్మల వైపు మళ్ళీ చూసి వెళ్ళాడు.

ఆ పైన మాస్టారు ఆ కథ ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి పలక చూపించి తప్పుకునేవాడు.

అయిదో రోజు జుమిరా ఒక్కతే వచ్చింది. టిక్కెట్టు కొనుక్కుంది. చావడిలో వానబొమ్మ ఎదురుగా ఉన్న బల్ల మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. మధ్యాహ్నం కావడంతో ఎవరూ లేరు. మాస్టారు లోపల్నుంచి చూసి, వెళ్ళాలా వద్దా అని తచ్చాడి, వెళ్ళి ఆ బల్లకి రెండో చివర కూచున్నాడు.

"మీకు అబద్ధమాడ్డం చేతకాదు మాస్టారూ," అందావిడ బొమ్మ మీంచి చూపు తిప్పకుండానే. "మా ఆయనకీ చేతకాదు. ఇద్దరూ కలిసి ఆడితే నేను నమ్ముతాననుకున్నారు."

మాస్టారు ఎడమ భుజం సర్దుకున్నాడు.

"ఇంటికెళ్ళాక అడిగాను. ఒట్టు పెట్టించుకుని అడిగాను. ఏమీ లేదన్నాడు. నమ్మాను. ఆ మనిషికి గుర్రాన్ని ఒక దెబ్బ కొట్టడమే రాదు, తప్పు పనేం చేస్తాడు." ఆవిడ బొమ్మలోని వీపు వైపు చెయ్యి చూపించింది. "నా కడుపుమంట అది కాదు. నలభై ఆరేళ్ళు ఆ వీపుకి నేను నూనె రాశాను. పుళ్ళు పడితే ఆకు కట్టాను. కాయ పెద్దదవుతోందని పోట్లాడాను. అది ఇంత బాగుంటుందని నాకెప్పుడూ తెలీలేదు. ఎవరో వచ్చి, అయిదు రోజులకోసారి వెనక కూచుని, తెలుసుకుని పోయింది. దీనికేం చెయ్యను చెప్పండి?"

 ఆయన కూడా బొమ్మ వైపే చూస్తూ, "మా ఆవిడ చెల్లెలు ఏట్లో పోయిందట. నాకు చెప్పలేదు. నీ మొగుడికి చెప్పింది" అన్నాడు.

జుమిరా మొదటిసారి ఆయన వైపు తిరిగి చూసింది. "మీరు అడిగారా?"

"లేదు."

"మరి?"

"అదే," అన్నాడాయన.

 బయట రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆవిడ సంచీలోంచి వేరుశనక్కాయలు తీసి ఇద్దరి మధ్యా బల్ల మీద పోసింది. చావడిలో తినకూడదని గోడ మీద రాసుంది. మాస్టారు ఒకటి వలుచుకున్నాడు.

"ఆ పలక తీయించండి," అంది జుమిరా లేచేముందు. "తీయించి, మా ఆయన పేరు వేయించండి. ఊరు పేరు కూడా. ఆవిడ చూస్తే చూసింది, వేస్తే వేసింది, పోనీ. ఆ వీపు మాత్రం మాది. అది మీ పేరు మీద వెలిగిపోతుంటే నాకు ముద్ద దిగదు."

"వాగిమిన్ వద్దంటాడేమో. నీ కోసమే కదా ఆ రోజు అలా అన్నాడు."

"వద్దంటే వాడితో నేను చూసుకుంటా. మీరు మీ పని చూడండి."

వెనింగ్‌కి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆయన ఆమె బల్ల ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఆ పిల్ల మొదట నమ్మలేదు, తరవాత ఎర్రబడింది. "పత్రికలో వచ్చింది మాస్టారూ! సంఘం వాళ్ళకి నేనేం చెప్పను? నా మాట ఎవరు నమ్ముతారు ఇక?" అంది. తప్పు తనదేనని కాగితం మీద రాసిచ్చాడు. జీవితంలో ఎంతమంది పిల్లల చేత అలా రాయించాడో. వెనింగ్ ఆ కాగితం మడిచి సొరుగులో పడేసి వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. కాని పలక మార్పించింది. ఈ తొమ్మిది చిత్రాలలోని మనిషి పుండోంగ్‌కి చెందిన జట్కా తోలే శ్రీ వాగిమిన్. పత్రికవాళ్ళు నాలుగో పేజీలో అడుగున రెండు వాక్యాలు వేశారు.

ఆ తరవాత ఎవరూ మాస్టారిని అటు తిరిగి నిలబడమనలేదు. కొత్తల్లో ఆయన చావడికి రావడమే మానేశాడు. కొన్నాళ్ళకి మెల్లిగా మళ్ళీ వచ్చాడు. కొండల ఎత్తులూ ఏరుల పుట్టుకలూ చెబుతాడు. ఎవరైనా ఆ వీపు ముందు ఆగితే, తను పక్క గదిలోకి వెళతాడు.

వాగిమిన్ మాత్రం నెలకొకసారైనా వస్తాడు. జుమిరా వెంట ఉంటుంది, మొగుణ్ణి బొమ్మలతో ఒంటరిగా వదలదు. వచ్చినవాళ్ళు అతన్ని గుర్తుపట్టి ఫోటో అడిగితే సిగ్గుపడి చస్తాడు, జుమిరా చొక్కా సర్ది నిలబెడుతుంది. తరవాత ముగ్గురూ వెనక వసారాలో కూచుంటారు. మాస్టారు టీ ఇస్తాడు, మర్యాదకి లోటు చెయ్యడు. సువర్సి బండిలో ఏం మాట్లాడేదో ఒక్కొక్కటీ అడిగి తెలుసుకుంటాడు. విన్నంతసేపూ బాగుంటుంది. అతను వెళ్ళిన రెండు రోజుల దాకా పన్ను పోటులా లోపల సలుపుతూనే ఉంటుంది.

అక్కడే కిటికీ పక్కన సువర్సి కూచునే పేము కుర్చీ ఉంది. దానికి తాడు కట్టి ఉంది, కూచోరాదని చీటీ కూడా ఉంది. అయినా వాగిమిన్ వచ్చినప్పుడల్లా మాస్టారు దాని ముందు అడ్డంగా నిలబడి, అవతల ఉన్న చెక్క పీట చూపిస్తాడు.

"ఇందులో కూచోకూడదు," అంటాడు. "అక్కడ కూచో."

"అలాగే మాస్టారూ," అంటాడు వాగిమిన్.